ఉద్యోగము కొరకు చదివిన చదువు – సి. ఎస్. లూయిస్ జీవిత కథ

డిగ్రీ చేతికి వచ్చినను ఉద్యోగము దొరకక, మరియొక పట్టా ఉన్న మేలేమో అని పై చదువులో చేరిన యౌవనులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారిలో ఇంగ్లీషు సాహిత్యము తీసికొని ఎం.ఏ. చదువువారును ఉన్నారు. ఆ చదువు దేనికి పనికివచ్చునని ఇంటివారు అడుగుదురు. కథలు, పద్యములు చదువుకొనుటకు రెండేండ్లు కావలెనా అని సంఘ పెద్దలును అడుగుదురు. విశ్వాసియైనవాడు తన దినములను కవుల పుస్తకముల మీద గడపవచ్చునా అని ఆ యౌవనుడే తన మనస్సులో అడుగుకొనును. ఈ ప్రశ్నలు కొత్తవి కావు. నూరేండ్ల క్రిందట ఆక్స్‌ఫర్డు పట్టణములో ఇరువది మూడేండ్ల యువకుడొకడు ఇదే స్థితిలో నిలిచి, ఉద్యోగము దొరకక, ఇంగ్లీషు సాహిత్యములో మరల విద్యార్థిగా చేరెను. ఆయనయే క్లైవ్ స్టేపిల్స్ లూయిస్.

సి. ఎస్. లూయిస్ అనగానే మనకు ‘మియర్ క్రిస్టియానిటీ’ అను గ్రంథమును, పిల్లల కొరకు వ్రాసిన నార్నియా కథలును జ్ఞాపకము వచ్చును. అయితే ఆయన జీతము తీసికొన్నది వాటి నిమిత్తము కాదు. 1925 మొదలుకొని 1963 వరకు ఆయన ఇంగ్లీషు సాహిత్యోపాధ్యాయుడు. ఆ ఉపాధ్యాయుని కథయే ఇక్కడ చెప్పదలచినాము.

పుస్తకముల ఇల్లు

లూయిస్ 1898వ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరములో జన్మించెను. తండ్రి ఆల్బర్ట్ లూయిస్ న్యాయవాది. తల్లి ఫ్లోరా ఒక పాదిరిగారి కుమార్తె. స్త్రీలు విశ్వవిద్యాలయములలో అరుదుగా కనబడు ఆ కాలములోనే గణితశాస్త్రము చదివి పట్టము పొందిన విదుషీమణి. మాతామహుడు థామస్ హామిల్టన్ గురువుగా ఉన్న సంఘములోనే ఈ బిడ్డకు బాప్తిస్మము జరిగెను. వారెన్ అను అన్న ఒకడు ఉండెను. తండ్రి కొన్న పుస్తకము ఒక్కటియు పారవేయువాడు కాడు గనుక ఆ ఇంటిలో గదులయందును, మెట్ల దగ్గరను, అటకమీదను పుస్తకములే. వాన ఎడతెగక కురియు ఆ ఊరిలో అన్నదమ్ములిద్దరు వాటిని చదువుచు, సొంత కథలు అల్లుకొనుచు పెరిగిరి.

1908వ సంవత్సరము ఆగస్టు నెలలో తల్లి కేన్సరు వ్యాధితో మరణించెను. తల్లి బ్రదుకవలెనని ఆ తొమ్మిదేండ్ల పిల్లవాడు ప్రార్థన చేసెను, ఆమె బ్రదుకలేదు. నెల తిరుగకముందే అతనిని సముద్రము దాటించి ఇంగ్లండులోని ఒక బోర్డింగు పాఠశాలకు పంపిరి. ఆ బడి ఉపాధ్యాయుడు క్రూరుడు; తరువాత అతనికి మతి చెడెను. అక్కడినుండి మరి కొన్ని పాఠశాలలు మారుచు, పదునాలుగేండ్లు నిండు సమయమునకు లూయిస్ తన విశ్వాసమును విడిచిపెట్టెను. గ్రీకుల దేవతలు, ఉత్తర దేశముల దేవతలు ఎట్లు కల్పితులో క్రైస్తవ మతమును అట్లే కల్పితమని అతని అభిప్రాయము. అయినను ఆ పురాణ కథలు చదువునప్పుడు అతని హృదయములో తెలియని ఆశ ఒకటి కదలుచుండెను. దేనిని నమ్మకూడదని బుద్ధి చెప్పెనో దానినే హృదయము ప్రేమించుచుండెను. ఈ చీలిక చాలా కాలము మానలేదు.

1914లో తండ్రి అతనిని సర్రే జిల్లాలోని గ్రేట్ బూకమ్ అను గ్రామమునకు, విలియం కర్క్‌పాట్రిక్ అను విశ్రాంత ప్రధానోపాధ్యాయుని యొద్దకు పంపెను. ఆ గురువు పూర్వము తండ్రికి కూడ చదువు చెప్పినవాడు, దేవుడు లేడనువాడు. హేతువు చూపకుండ ఎవరైన ఒక మాట అన్నయెడల ఆ మాటకు అర్థమేమి, ఆధారమేమి అని నిలదీయువాడు. మొదటి పాఠముననే గ్రీకు భాషలో హోమరు కావ్యమును చేతికిచ్చి చదువుమనెను. ఆలోచనను పదును పెట్టుకొనుట లూయిస్ ఈ నాస్తికుని యొద్దనే నేర్చుకొనెను. ఈ కుర్రవాడు రచయిత గాని, పండితుడు గాని కావలసినదే తప్ప మరి దేనికిని పనికిరాడని ఆ గురువు తండ్రికి ముందుగానే వ్రాసి హెచ్చరించెను.

ఆ దినములలోనే, 1916 మార్చి నెలలో, ఒక రైల్వే స్టేషనులోని పుస్తకాల దుకాణములో లూయిస్ ఒక పాత పుస్తకమును కొనెను. అది జార్జ్ మెక్‌డొనాల్డ్ వ్రాసిన ‘ఫాంటస్టీస్’. మెక్‌డొనాల్డ్ కొంత కాలము సంఘ కాపరిగా పనిచేసిన స్కాట్లండు దేశస్థుడు. ఆ కథలో బోధ ఏదియు కనబడలేదు. కాని ఒక విధమైన పరిశుద్ధత ఆ పుటలనుండి వచ్చి తన ఊహాశక్తిని శుభ్రపరచినదని లూయిస్ చాలా ఏండ్ల తరువాత గ్రహించెను.

యుద్ధము, కష్టార్జితమైన పట్టములు

1916 డిసెంబరులో ఆక్స్‌ఫర్డు యూనివర్సిటీ కాలేజీలో స్కాలర్‌షిప్పు దొరికెను. ప్రవేశమునకు మరియొక సామాన్య పరీక్ష వ్రాయవలసియుండగా గణితశాస్త్రజ్ఞురాలి కుమారుడు గణితములోనే తప్పెను! యుద్ధమునకు వెళ్లి వచ్చినవారికి ఆ పరీక్ష మినహాయించబడెను గనుక ఆయన చదువు నిలిచినది. లేనియెడల ఆక్స్‌ఫర్డు తలుపు ఆయనకు మూయబడియుండును.

మొదటి ప్రపంచ యుద్ధములో సైన్యములో చేరి, తన పందొమ్మిదవ పుట్టినరోజున, అనగా 1917 నవంబరు 29న, ఫ్రాన్సు దేశములోని యుద్ధ రంగమునకు చేరెను. 1918 ఏప్రిల్ 15న గుండు పగిలి, ముక్కలు దేహములో దిగి గాయపడెను. ఆయన మిత్రుడైన పాడీ మూర్ అంతకు ముందు నెలలోనే చనిపోయెను. ఇద్దరిలో ఎవరు చనిపోయినను బ్రదికినవాడు రెండవవాని తలిదండ్రులను చూచుకొనవలెనని వారు మాట ఇచ్చుకొనిరని పాడీ చెల్లెలు తరువాత చెప్పెను. లూయిస్ ఆ మిత్రుని తల్లియైన జేనీ మూర్ గారిని, చిన్నదైన ఆ చెల్లెలిని తన ఇంటివారిగా చేర్చుకొని, ఆమె 1951లో మరణించువరకు పోషించెను.

1919 జనవరిలో ఆయన మరల ఆక్స్‌ఫర్డు వచ్చెను. 1920లో గ్రీకు, లాటిను సాహిత్య పరీక్షలో ప్రథమ శ్రేణి. 1922లో తత్వశాస్త్రము, ప్రాచీన చరిత్రల పరీక్షలో మరల ప్రథమ శ్రేణి. ఇంత పాండిత్యము ఉన్నను ఉద్యోగము దొరకలేదు. మాగ్డలెన్ కాలేజీలో ఫెలో పదవికి జరిగిన పోటీ పరీక్ష వ్రాసెను, మరియొకరు ఎన్నికైరి. ఇంటిలో ముగ్గురి పోషణ. అద్దె ఇండ్లు ఒకదాని తరువాత ఒకటి మారుట. తండ్రి పంపు డబ్బే ఆధారము. ఆ తండ్రికి ఈ సంసార భారమంతయు తెలియదు. తత్వశాస్త్రములో ఖాళీలు తక్కువ. ఇంగ్లీషు సాహిత్యము అప్పుడు పెరుగుచున్న విషయము. ఆ పట్టమును కూడ ఉన్నయెడల ఉద్యోగమునకు అవకాశములు రెండింతలగునని ఆయనకు సలహా వచ్చెను. తండ్రి ఇంకొక సంవత్సరము డబ్బు పంపుటకు ఒప్పుకొనెను. ఆ విధముగా 1922 అక్టోబరులో లూయిస్ ఇంగ్లీషు విద్యార్థి ఆయెను.

ఆ ఒక్క సంవత్సరము

ఇక్కడ ఒక సంగతి వివరించవలెను. మన విశ్వవిద్యాలయములలో బి.ఏ. తరువాత రెండేండ్లు చదివి పరీక్ష వ్రాసినచో ఎం.ఏ. వచ్చును. ఆక్స్‌ఫర్డులో అట్లు కాదు. బి.ఏ. పొందినవారికి కొన్ని ఏండ్లు గడచిన తరువాత, పరీక్ష లేకుండగనే ఎం.ఏ. ఇచ్చుట అక్కడి ఆచారము. కావున మొదటి పట్టము తరువాత సాహిత్యమును క్రమముగా చదువగోరిన లూయిస్ వంటివాడు మరియొక ఆనర్సు పరీక్షకు చదువవలసినదే. ఇంకొక విశేషము: ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు సాహిత్యము ప్రత్యేకమైన ఆనర్సు చదువుగా ఏర్పడినది 1894లోనే. అప్పటికే మన దేశములోని కళాశాలలలో షేక్‌స్పియరును, మిల్టనును పాఠ్యములుగా చెప్పుచుండిరి. స్వదేశములో మాత్రము, గ్రీకు లాటినుల ఎదుట ఇంగ్లీషు ఒక చదువా అని పెద్దలు చాలా కాలము చిన్నచూపు చూచిరి. ఆ చిన్నచూపు లూయిస్‌కు కూడ తెలియనిది కాదు.

ఇతరులు రెండు మూడేండ్లలో చదువు పాఠములను ఆయన ఇంచుమించు తొమ్మిది నెలలలో ముగించవలసియుండెను. ఎఫ్. పి. విల్సన్ ఆయనకు సాహిత్యము చెప్పెను. మిస్ వార్డేల్ అను ఉపాధ్యాయిని ప్రాచీన ఆంగ్లము చెప్పెను. వెయ్యి సంవత్సరముల క్రిందటి ఆ భాష నేటి ఇంగ్లీషు వచ్చినవారికి అర్థము కాదు. వ్యాకరణముతో సహా కొత్త భాషగా నేర్చుకొనవలెను. దాని తరువాత చాసరు, స్పెన్సరు, షేక్‌స్పియరు, డన్, హెర్బర్టు, మిల్టను – వరుసగా చదువవలెను. పగలు పుస్తకములు, సాయంత్రము ఇంటి పనులు. గిన్నెలు తోముట, సామాను మోయుట, వచ్చినవారిని చూచుకొనుట. 1923 మొదటి నెలలలో మూర్ గారి సోదరుడైన వైద్యుడొకడు వారి ఇంటిలో ఉండగా మతి చలించెను. ఆయన కేకలు వేయుచు నేలమీద పొరలుచుండగా లూయిస్ రాత్రులు మేలుకొని పట్టుకొనవలసి వచ్చెను. పరీక్షకు అప్పటికి కొన్ని నెలలే ఉన్నవి.

జార్జ్ గోర్డన్ అను ఆచార్యుడు నడిపిన చర్చా తరగతిలో విద్యార్థులు వంతుల చొప్పున వ్యాసములు చదువుచుండిరి. లూయిస్ స్పెన్సరును గూర్చి చదివెను. ఆ తరగతిలో నెవిల్ కాగ్‌హిల్ అను ఐర్లండు యువకుడు పరిచయమాయెను. తరగతిలో అందరికంటె తెలివిగలవాడును, ఎక్కువగా చదివినవాడును అతడే అని లూయిస్ గమనించెను. అతడు క్రైస్తవ విశ్వాసి అని తెలిసికొని ఆశ్చర్యపడెను. చదువుకొన్నవాడు విశ్వాసియై ఉండడని అప్పటివరకు ఆయన తలంచుచుండెను.

ఆశ్చర్యము అంతటితో ఆగలేదు. పుస్తకములే ఆయనకు ఎదురు తిరిగెను. తన అభిప్రాయములతో ఏకీభవించు రచయితలు – వోల్టేరు, గిబ్బను, మిల్, వెల్స్, షా వంటివారు – చదువుటకు బాగుగనే ఉండిరి. కాని వారి పుస్తకములలో జీవితము పలుచగా కనబడెను. ఆకలి తీర్చినవారెవరని చూడగా మెక్‌డొనాల్డ్, చెస్టర్‌టన్, జాన్సన్, స్పెన్సరు, మిల్టను. వారందరును క్రీస్తును నమ్మినవారు. అందరికంటె ఎక్కువగా ఆయనను కలతపెట్టినవాడు జార్జ్ హెర్బర్ట్. మూడు వందల ఏండ్ల క్రిందట సాల్స్‌బరీ పట్టణము దగ్గర ఒక చిన్న పల్లె సంఘమునకు కాపరియై, 1633లో నలువది యేండ్లు నిండకముందే మరణించిన కవి ఆయన. మనుష్యుడు క్షణక్షణము జీవించు జీవితమును ఉన్నది ఉన్నట్లు చెప్పుటలో హెర్బర్టును మించినవాడు లేడని లూయిస్‌కు తోచెను. అయితే ఆ జీవితమునంతటిని హెర్బర్ట్ విశ్వాసము ద్వారానే చూపుచుండెను. వీరందరు పొరబడినవారైనచో వీరికే ఇంత చూపు ఎక్కడిది? ఈ ప్రశ్నకు ఆ సంవత్సరము ఆయన యొద్ద సమాధానము లేదు. అయినను పరీక్ష కొరకు చదువుచున్న విద్యార్థి చేతిలోనికి ప్రశ్న వచ్చి చేరినది. ప్రసంగము వినుటకు ఆయన గుడికి వెళ్లుట లేదు. పాఠ్యపుస్తకము మాత్రము తెరువక తప్పలేదు.

1923 జూన్‌లో పరీక్షలు, జులైలో మౌఖిక పరీక్ష జరిగెను. మరల ప్రథమ శ్రేణి. మూడు ప్రథమ శ్రేణులు ఉన్నను ఇంకను ఉద్యోగము లేదు. పాఠశాలల పరీక్షా పత్రములు దిద్ది కొంత డబ్బు సంపాదించెను. 1924–25లో తన పూర్వపు ట్యూటరు అమెరికా వెళ్లగా ఆయన స్థానములో ఒక సంవత్సరము తత్వశాస్త్రము చెప్పెను. చివరకు 1925 మే నెలలో మాగ్డలెన్ కాలేజీ ఆయనను ఇంగ్లీషు ఫెలోగా ఎన్నుకొనెను. జీతము సంవత్సరమునకు 500 పౌండ్లు. ఆ తంతి బెల్‌ఫాస్టు చేరినప్పుడు ముసలి తండ్రి కుమారుని గదిలోనికి వెళ్లి, మోకరించి, నిండు హృదయముతో దేవునికి కృతజ్ఞత చెల్లించెను. ఆ దేవుని యందు కుమారునికి అప్పటికి నమ్మకము లేదు.

ఉపాధ్యాయుడు

ఆక్స్‌ఫర్డు పద్ధతిలో విద్యార్థి వారమునకొకసారి ట్యూటరు గదికి వచ్చి, తాను వ్రాసిన వ్యాసమును బిగ్గరగా చదువవలెను. లూయిస్ పైపు కాల్చుచు, గుర్తులు వ్రాసికొనుచు వినెను. తరువాత కర్క్‌పాట్రిక్ తనను నిలదీసినట్లే విద్యార్థిని నిలదీసెను. కొందరికి ఇది గొప్ప మేలు, కొందరికి భయము. తరువాత కవిగా పేరు పొందిన జాన్ బెట్జమన్ ఈ గురువుతో పొసగక పట్టము లేకుండగనే వెళ్లిపోయి, ఆ కోపమును చాలా కాలము మరువలేదు.

మరియొక శిష్యుని మాట మన దక్షిణ భారతదేశమునకు సంబంధించినది. ఆలన్ గ్రిఫిత్స్ అను యువకుడు 1920ల చివరి భాగములో లూయిస్ యొద్ద ఇంగ్లీషు సాహిత్యము చదివెను. అప్పటికి గురుశిష్యులలో ఎవరును క్రైస్తవ విశ్వాసములో స్థిరపడినవారు కారు. చదువు ముగిసిన తరువాతను వారు పుస్తకములను గూర్చి ఉత్తరములు వ్రాసికొనుచు, ఇంచుమించు ఒకే కాలములో విశ్వాసమునకు వచ్చిరి. ఆ శిష్యుడే కేథలిక్ సన్యాసియై బీడ్ గ్రిఫిత్స్ అను పేరుతో 1955లో భారతదేశమునకు వచ్చి, 1958లో కేరళలోని కురిసుమల ఆశ్రమ స్థాపనలో పాల్గొని, 1968 నుండి తమిళనాడులో కావేరి ఒడ్డున శాంతివనము అను ఆశ్రమమును నడిపి, 1993లో అక్కడనే కన్నుమూసెను. లూయిస్ తన ఆత్మకథను ఈ శిష్యునికే అంకితమిచ్చెను.

1926లో ఇంగ్లీషు విభాగపు సమావేశములో లూయిస్ జె. ఆర్. ఆర్. టోల్కీన్‌ను కలిసెను. టోల్కీన్ ప్రాచీన ఆంగ్ల ఆచార్యుడు, కేథలిక్ విశ్వాసి. విద్యార్థులు ఏమి చదువవలెనను విషయములో మొదట ఇద్దరికి అభిప్రాయ భేదము ఉన్నను, తరువాత కలిసి పనిచేసి 1931లో పాఠ్య ప్రణాళికను మార్పించిరి. ప్రాచీన, మధ్యయుగ ఆంగ్లమునకు ఎక్కువ స్థానమిచ్చి, సాహిత్యమును 1830తో ఆపిరి. ఇప్పటి పుస్తకములను విద్యార్థి తనంతట తాను చదువుకొనగలడు. సహాయము కావలసినది దూరపు కాలపు పుస్తకములకే అని వారి వాదము. ఈ వాదము సరియైనదా కాదా అని పండితులు తరువాత చాలా తర్కించిరి.

లూయిస్ 1929–30 ప్రాంతమున దేవుడున్నాడని ఒప్పుకొనెను. అయినను క్రీస్తు సంగతి తెమలలేదు. ఆయనకు అడ్డుగా నిలిచినది శాస్త్రము కాదు, సాహిత్యమే. చనిపోయి తిరిగి లేచు దేవతల కథలు ఎన్నో దేశముల పురాణములలో ఉండగా ఇది వాటిలో ఒకటి కాదా అని ఆయన సందేహము. 1931 సెప్టెంబరు 19వ తేదీ రాత్రి టోల్కీన్, హ్యూగో డైసన్ అను మిత్రులు మాగ్డలెన్ కాలేజీలోని నదీ తీరపు బాటలో ఆయనతో నడచుచు, తెల్లవారుజాము వరకు మాటలాడిరి. వారిద్దరును ఇంగ్లీషు సాహిత్యోపాధ్యాయులే. పురాణ కథలో ఒక దేవుడు తన్ను తాను అర్పించుకొనుట చదివినప్పుడు హృదయము కరుగును గదా, సువార్తను చదువునప్పుడు మాత్రము ఎందుకు బిగదీసికొందువు అని వారు ప్రశ్నించిరి. హృదయమును కదలించుటలో ఇది ఆ కథల వంటిదే. భేదమేమనగా ఇది నిజముగా జరిగినది అని చెప్పిరి. కొన్ని దినములకు, సెప్టెంబరు 28న, అన్న నడుపు మోటారు సైకిలు ప్రక్కబండిలో కూర్చుండి విప్స్‌నేడ్ జంతు ప్రదర్శనశాలకు ప్రయాణము చేయుచు ఆయన యేసుక్రీస్తు దేవుని కుమారుడని నమ్మెను. చిన్ననాటి నుండి బుద్ధికిని హృదయమునకును మధ్య ఉన్న చీలిక అక్కడ మానెను.

విశ్వాసి అయిన తరువాత

మారుమనస్సు పొందిన తరువాత ఆయన కవుల పుస్తకములను మూసివేసి బోధకుడు కాలేదు. ఇది మన యౌవనులు గమనింపదగిన సంగతి. మునుపటికంటె ఎక్కువ శ్రద్ధతో తన పని చేసెను. మధ్యయుగపు ప్రేమ కావ్యములను, అన్యాపదేశ కావ్యములను గూర్చిన ‘ది ఆలిగరీ ఆఫ్ లవ్’ 1936లో వెలువడెను. ఎవరును చదువక మూలనపడిన కావ్యములను ఆ పుస్తకము మరల విద్యార్థుల బల్లల మీదికి తెచ్చెను. 1942లో మిల్టను ‘పారడైజ్ లాస్ట్’ కావ్యమునకు పీఠిక వ్రాసెను. ఏ వస్తువునైనను అది దేనికొరకు చేయబడెనో తెలియకుండ మంచిదని గాని చెడ్డదని గాని తీర్పు చెప్పరాదను సూత్రముతో ఆరంభించి, మహాకావ్యమనగా ఏమి, మిల్టను నమ్మినదేమి అని వివరించెను. మన దేశములో ఎం.ఏ. ఇంగ్లీషు చదువు విద్యార్థులకు మిల్టను పాఠముతో పాటు ఈ పీఠికయు పరిచయమగుచున్నది.

అన్నిటికంటె పెద్ద శ్రమ పదునారవ శతాబ్దపు ఇంగ్లీషు సాహిత్య చరిత్ర. పూర్వము ఆయనకు పాఠము చెప్పిన విల్సన్ గారే ఆ పనిని అప్పగించెను. నాటకములు తప్ప ఆ శతాబ్దపు రచనలను ఆయన బోడ్లియన్ గ్రంథాలయములో కూర్చుండి, ఇతరుల మాట మీద ఆధారపడక, తానే మూలములు తీసి చదివెను. 1930ల నడుమ ఒప్పుకొన్న ఆ గ్రంథము 1954లో గాని వెలువడలేదు. టిండేలు వంటి బైబిలు అనువాదకులను, వారితో వాదించిన థామస్ మోరు వంటివారిని, ఇరు పక్షములకును అన్యాయము జరుగకుండ తూచిన పుస్తకమది.

1939 అక్టోబరులో, రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమైన కొలది దినములకే, విశ్వవిద్యాలయ దేవాలయములో విద్యార్థులకు ప్రసంగించుటకు ఆయనను పిలిచిరి. ఐరోపా మండుచుండగా సాహిత్యము చదువుట ఎట్లు న్యాయమని విద్యార్థుల మనస్సులలోని ప్రశ్న. తాను యుద్ధములో గాయపడినవాడు గనుక ఆయనకు ఆ ప్రశ్నను అడుగు అర్హతయు, జవాబిచ్చు అర్హతయు ఉండెను. యుద్ధము మనుష్యుని కొత్త స్థితిలో పెట్టదనియు, మరణము ఎల్లప్పుడు దగ్గరనే ఉన్నదనియు, శాంతి దినములు వచ్చువరకు చదువును వాయిదా వేసినచో మనుష్యులు ఎన్నడును చదివియుండరనియు ఆయన వివరించెను. దేవునికి వినయముతో అర్పించిన చదువు, ఇతర పనివారి పని వలెనే, సేవయగునని బోధించెను. పాత కాలపు గ్రంథములు చదివినవాడు తన కాలపు పత్రికలు చేయు సందడికి లొంగడని కూడ హెచ్చరించెను.

1941 నుండి 1944 వరకు బి.బి.సి. రేడియోలో ఆయన క్రైస్తవ విశ్వాసమును సామాన్యులకు వివరించెను. ‘స్క్రూటేప్ లెటర్స్’ ఆయనను లోకమంతట ప్రసిద్ధుని చేసెను. అవి మొదట పత్రికలో ప్రకటింపబడినప్పుడు వచ్చిన పారితోషికమును ఆయన పాదిరుల విధవరాండ్ర నిధికి ఇప్పించెను. అయితే ఈ కీర్తి ఆయనకు నష్టము కూడ తెచ్చెను. సాహిత్యోపాధ్యాయుడు జనుల కొరకు మత గ్రంథములు వ్రాయుట సహోపాధ్యాయులలో అనేకులకు రుచింపలేదు. 1947లో మెర్టన్ ఆచార్య పీఠము ఖాళీ కాగా ఆయనకు ఇయ్యలేదు. 1951లో కవితాచార్య పదవికి జరిగిన ఎన్నికలో ఓడిపోయెను. ముప్పది యేండ్లకు దగ్గరగా పాఠము చెప్పినను ఆక్స్‌ఫర్డు ఆయనను ఆచార్యునిగా చేయలేదు. దీని నిమిత్తము ఆయన వ్రాయుట మానలేదు. పాఠము చెప్పుటలో కొరత చేయలేదు.

1954లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము మధ్యయుగ, పునరుజ్జీవన కాలపు సాహిత్యమునకు కొత్తగా ఒక ఆచార్య పీఠము నెలకొల్పి ఆయనను పిలిచెను. ఆయన మొదట వద్దనెను. టోల్కీన్ నచ్చజెప్పగా ఒప్పుకొనెను. తన ఏబది ఆరవ జన్మదినమున, 1954 నవంబరు 29న, ప్రారంభోపన్యాసము ఇచ్చెను. ఇల్లు ఆక్స్‌ఫర్డులోనే ఉంచుకొని, వారమునకొకసారి రైలులో వచ్చి పోవుచుండెను.

ఆయన గృహ జీవితము వృద్ధాప్యపు వాకిట ఆరంభమాయెను. అమెరికా దేశస్థురాలైన జాయ్ డేవిడ్‌మన్ కవయిత్రి; 1935లో కొలంబియా విశ్వవిద్యాలయము నుండి ఇంగ్లీషు సాహిత్యములో ఎం.ఏ. పట్టము పొందినది. యూదుల కుటుంబములో పుట్టి, నాస్తికురాలై, లూయిస్ గ్రంథముల సహాయముతో విశ్వాసమునకు వచ్చెను. 1956లో వారు రిజిస్టరు వివాహము చేసికొనిరి. కేన్సరు వ్యాధితో ఆమె ఆసుపత్రి మంచముమీద ఉండగా 1957 మార్చిలో పాదిరిగారు వారికి క్రైస్తవ వివాహము జరిపెను. కొంత కాలము స్వస్థత కలిగెను. 1960 జులై 13న ఆమె మరణించెను. తొమ్మిదేండ్ల వయస్సులో తల్లిని తీసికొనిపోయిన వ్యాధియే భార్యను కూడ తీసికొనిపోయెను. ఈసారి ఆయన విశ్వాసమును విడిచిపెట్టలేదు. అయితే దుఃఖమును దాచుకొనను లేదు. తన ఫిర్యాదులను, సందేహములను దేవుని యెదుట ఉన్నది ఉన్నట్లు వ్రాసి, 1961లో మారు పేరుతో ప్రచురించెను. హెర్బర్టులో తాను మెచ్చుకొన్న నిజాయితీ, ఏమియు దాచకుండ దేవునితో మాటలాడుట, ఈ చిన్న పుస్తకములో కనబడుచున్నది.

అదే 1961లో సాహిత్య పఠనమును గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. పుస్తకము చదువువారు రెండు విధములని ఆయన భావము. ఒకరు పుస్తకమును తమ అవసరమునకు వాడుకొందురు. మరియొకరు దానికి లోబడి, అది చూపినదానిని చూతురు. రెండవ విధముగా చదువువాడు తన ఇరుకైన గది దాటి, వేల మనుష్యుల కన్నులతో చూచి, తాను తానుగనే ఉండునని వివరించెను.

1963 నవంబరు 22న, అరువది అయిదు సంవత్సరములు నిండుటకు ఒక వారము ముందు, లూయిస్ తన ఇంటిలో కన్నుమూసెను. అదే దినమున అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరుగుటచేత లోకము ఈ మరణమును వెంటనే గమనింపలేదు. హెడింగ్టన్ క్వారీ గ్రామములో తాను ఆరాధనకు వెళ్లుచుండిన చిన్న దేవాలయపు ఆవరణములో ఆయనను పాతిపెట్టిరి. ఏబది సంవత్సరముల తరువాత, 2013లో అదే తేదీన, లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో కవుల మూలయందు ఆయన పేరుతో ఒక స్మారక ఫలకము ఉంచబడెను. ఆయన పాఠము చెప్పిన కవులలో అనేకుల జ్ఞాపకార్థములు అక్కడనే ఉన్నవి.

ఈ జీవితమునుండి ప్రతి ఎం.ఏ. విద్యార్థియు లూయిస్ అగునని మనము తలంచరాదు. సాహిత్యము చదివినంత మాత్రమున విశ్వాసము వచ్చుననియు చెప్పరాదు. ఆ పుస్తకములనే చదివి దేవుని విడిచినవారును ఉన్నారు. అయితే ఒక్క సంగతి స్పష్టము. లూయిస్ ఆ సంవత్సరము దేవుని వెదకుటకు చదువలేదు; ఇంటి అద్దె కొరకు చదివెను. అయినను మోసము లేకుండ చదివెను. తనకు నచ్చని రచయిత సత్యము చెప్పుచున్నాడేమో అని చెవియొగ్గెను. దేవుడు ఆ నిజాయితీ గల చదువును త్రోవగా వాడుకొనెను.

కావున మన సంఘములోని యౌవనుడు ఎవరైన ఇంగ్లీషు పుస్తకముల మూట చంకనబెట్టుకొని విశ్వవిద్యాలయ హాస్టలుకు బయలుదేరునప్పుడు, ఇది దేనికని మనము పెదవి విరువకుందుము. గైడు పుస్తకములతో సరిపెట్టుకొనక మూల గ్రంథమును తెరచి చదువుమని అతనికి చెప్పుదము. అతని ఫీజు కట్టుటకు కుటుంబమునకు శక్తి లేనియెడల, బెల్‌ఫాస్టులోని ఆ తండ్రి వలె ఇంకొక సంవత్సరము సహాయము చేయుదము. అది ఎక్కడికి చేర్చునో ఆ తండ్రికిని తెలియదు. ఆయన మాత్రము డబ్బు పంపి, ప్రార్థించెను.